డాలస్ నల్లరేగడిలో టెక్సాస్ సేజ్: ఇప్పుడే గట్టు మీదికి మార్చాలా?

టెక్సాస్ సేజ్ పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. సెనిజో అన్నా ఇదే, వెండి నూగు ఆకుల పొద. దీని సొంత చోటు రియో గ్రాండే నది పరిసరాల్లోని సున్నపురాయి గుట్టలు, చివావా ఎడారి. అక్కడ నీళ్లు పడ్డవి పడ్డట్టే జారిపోతాయి. డాలస్ శివారులో నేలేమో అచ్చం మన నల్లరేగడి: వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలేస్తుంది.

అక్టోబరులో నాటిన మూడింట్లో రెండు బాగున్నాయి. పల్లంలో ఉన్నదానికి కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. కొత్త ఆకుల మీద ఆ వెండి నూగు పలచబడింది, కొమ్మలు సాగి వాలాయి. పక్కనే 30 సెంటీమీటర్ల గుంత తీసి నీళ్లు నింపితే 12 గంటలకు కూడా సగం నిలిచే ఉంది. కాబట్టి ఇది దాహం కాదు, వేరుకుళ్లు అనుకుంటున్నాను. డ్రిప్ ఆపేశాను. బెరడు గీరితే లోపల ఇంకా పచ్చగానే ఉంది.

40 సెంటీమీటర్ల గట్టు కట్టి, మట్టిలో మూడో వంతు సున్నపురాయి కంకర కలిపి, కాండం మొదలు పైకి కనిపించేలా నాటాలని ఆలోచన. కంపోస్టు వేయను. గుంత అడుగున కంకర పరుపూ వద్దు, దాని పైన రేగడిలోనే నీళ్లు ఆగిపోతాయి.

ఈ జూలై ఎండలో పెకలిస్తే బతుకుతుందా, అక్టోబరు దాకా ఆగితే వేళ్లు మిగులుతాయా? గట్టు వానకు జారకుండా ఎంత వెడల్పు ఉండాలి? సాగిన కొమ్మలు ఇప్పుడే కొట్టేయాలా, చలికాలం చివర్లోనా?

బంతిలా గుండ్రంగా కత్తిరించమని మాత్రం చెప్పకండి. వాన తర్వాత వచ్చే ఊదా పూలన్నీ ఆ కత్తెరకే పోతాయి.