డీఎన్ఆర్ ఉన్న పేషెంటుకి గొంతులో ముద్ద అడ్డం పడితే?

నైట్ డ్యూటీ సిస్టర్:
మా వార్డులో ఎనభై దాటిన పెద్దావిడ ఉన్నారు. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెని మళ్లీ కొట్టించే ప్రయత్నం) చెయ్యొద్దని తనే చెప్పి డీఎన్ఆర్ (డు నాట్ రిససిటేట్) కాగితం రాయించుకున్నారు. మొన్న తింటుంటే ముద్ద అడ్డం పడింది. దగ్గు రావట్లేదు, మాట రావట్లేదు, పెదాలు నీలంగా అయిపోయాయి. ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచాను. నాలుగో దెబ్బకి బయటపడింది. తర్వాత జూనియర్ అమ్మాయి, "డీఎన్ఆర్ కదా మేడమ్, ఎందుకంత హైరానా?" అంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. నేను చేసింది తప్పా?

పెద్దకొడుకు:
సిస్టర్ గారూ, మీ మీద కోపం కాదు గానీ, ఇవాళ గొంతు అంటారు, రేపు గుండె అంటారు. మా నాన్నగారు వద్దన్నా, ఆ కాగితం సమయానికి ఎవరి చేతికీ అందలేదు. సీపీఆర్ చేశారు. పక్కటెముకలు విరిగాయి. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి కన్నుమూశారు. వద్దన్న మాటకి విలువ లేనప్పుడు అడగడం దేనికి?

ఐసీయూ పాతకాపు:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమేనండీ. కానీ రెండూ ఒకటి కాదు. డీఎన్ఆర్ వద్దనేది గుండె, ఊపిరి ఆగాక చేసే సీపీఆర్‌ని. అంటే ఛాతీని ఐదారు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, షాక్ ఇవ్వడం లాంటివి. ఆక్సిజన్, యాంటీబయాటిక్, నొప్పి మందు వద్దని అందులో లేదు. ఆవిడ గుండె కొట్టుకుంటూనే ఉంది కదా!

నన్నడిగితే అసలు ప్రమాదం ఆ జూనియర్ మాటలోనే ఉంది. ఆ మూడక్షరాలు కనిపించగానే బెల్ కొట్టినా మెల్లగా వెళ్తాం, పక్క తిప్పడం వాయిదా వేస్తాం. ఇంకో దరిద్రం 'స్లో కోడ్'. డీఎన్ఆర్ లేని పేషెంటుకి, ఎలాగూ బతకరని, ఇంటివాళ్ల కళ్లముందు సీపీఆర్ చేస్తున్నట్టు నటించడం. నేనూ ఒకసారి అందులో నిలబడ్డాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

పెద్దకొడుకు:
సరే, ఒప్పుకుంటాను. మీరు చరుస్తుండగానే గుండె ఆగిపోయి ఉంటే?

నైట్ డ్యూటీ సిస్టర్:
నా టెన్షన్ కూడా అదే. అందుకే మర్నాడు ఆవిడనే అడిగాను. "ముద్ద అడ్డం పడితే తియ్యవే తల్లీ, ఆకలి మీదున్నాను. గుండె ఆగితే మాత్రం నన్ను ముట్టుకోకు" అన్నారు. డాక్టరు గారు వచ్చి మళ్లీ ఆవిడతో మాట్లాడి, ఆ రెండు ముక్కలూ కేస్ షీటులో రాశారు.