పూసల లేసు గౌను: మార్జిన్‌లో పూసలు తీసి మిషన్ వేయాలా, పువ్వు మీద పువ్వు ఎక్కించి చేత్తో కుట్టాలా?

పాలకొల్లు_కుట్లు:
అందరికీ నమస్తే అండి. మా పిన్నిగారి అమ్మాయి పెళ్లి జనవరిలో, నర్సాపురం చర్చిలో. గౌను నేనే కుట్టాలని పట్టుబట్టింది. రాజమండ్రి తాడితోట నుంచి తెల్ల నెట్ మీద పూసలు, పైపులు, చమ్కీలు కుట్టిన లేసు తెచ్చారు, కింద అంచు వంకీలు వంకీలుగా ఉంది, చేతిలోకి తీసుకుంటేనే బరువు తెలుస్తోంది. ఇంకా కత్తెర పెట్టలేదు. ఎందుకంటే షాపులో నేనూ మా తోటికోడలూ కుడతాం, ఇద్దరిదీ చెరో మాట. కుట్టు గీత దగ్గర పూసలు తీసేసి మిషన్ మీద జాయింట్ వేసేద్దామని నేను. అసలు సైడు కుట్టే కనపడకూడదు, ముందు భాగం పువ్వుల్ని వెనక భాగం మీదికి ఎక్కించి చేత్తో కుట్టాలని తను. మగ్గం వర్క్ బ్లౌజులు బోలెడు కుట్టాం గానీ వాటికి మార్జిన్ (కుట్టు గీతకి బయట వదిలే బట్ట) ఖాళీగా వస్తుంది కదా, ఈ గొడవ లేదు. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి, ఎవరిది కరెక్ట్?

భీమవరం_మాస్టర్:
ఇందులో ఆలోచించేదేముందమ్మా. పూసలు తీయాల్సిందే. పూస మీద సూది పడిందంటే సూది విరుగుతుంది, ఆ ముక్క ఎగిరి కంట్లో పడినా పడుతుంది.

చాక్‌పీసు గీత నెట్ మీద నిలవదు, రంగు దారంతో కుట్టు గీత మొత్తం కచ్చా వేసుకో. గీతకి బయట అంగుళం వదిలి కొయ్యి. గాజు పూసైతే దారం కోయకు, పూసనే పగలగొట్టు. పూస చిల్లులో గుండుసూది దూర్చి సన్నముక్కు పట్టకారుతో నొక్కితే పెంకులు బయటికి పోతాయి, లోపల దారం తెగదు. సూది పెట్టకుండా నొక్కితే ఆ గాజుముక్కే దారాన్ని కోసేస్తుంది. పైన గుడ్డ కప్పి, కళ్లజోడు పెట్టుకుని చెయ్యి. చమ్కీకి అంచు నుంచి చిల్లు దాకా చిన్న కత్తెరతో గాటు పెడితే దానంతటదే జారి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ పూసలు మాత్రం పగలవు, నలుగుతాయి, వాటికి దారం తెంపక తప్పదు, తెంపిన చోట వెంటనే ముడి వెయ్యి. గీతకి లోపలి వైపు కూడా పావు అంగుళం ఖాళీ చేస్తేనే మిషన్ ఫుట్ సాఫీగా నడుస్తుంది. జిప్పులకి వేసే సింగిల్ ఫుట్ పెట్టుకో, సూది సన్నది, 11 నంబరు. జాయింట్ అయ్యాక బోసిగా కనపడ్డ చోట పూసలు తిరిగి చేత్తో కుట్టు. అందుకే కొన్నప్పుడే అదే రకం పూసలు ఒక ప్యాకెట్ ఎక్కువ తెచ్చుకోవాలి, పగలగొట్టినవి మళ్లీ రావుగా.

అమలాపురం_గౌన్లు:
మాస్టర్ గారూ, మీరు చెప్పింది పూసలు చల్లినట్టు అంతటా ఒకేలా ఉన్న నెట్‌కి సరిపోతుంది. తనది అంచు వంకీలున్న లేసు, అంటే పెద్ద పెద్ద పువ్వులు, తీగెలు ఉండే డిజైన్. సైడు కుట్టు దగ్గర ప్రతి పువ్వూ సగానికి తెగుతుంది, రెండో వైపు సగం ఇంకెక్కడో ఉంటుంది. ఆ జాయింట్ మీద మీరు ఎన్ని పూసలు కుట్టినా గీత గీతలాగే కనపడుతుంది, ఫోటోల్లో మరీనూ.

నేను చేసేది ఇలా అండి. ముందు లోపలి గౌను పూర్తిగా కుట్టేస్తాను, శాటినో క్రేపో, మనిషికి తొడిగి ఫిట్టింగ్ చూసి ఖాయం చేసుకుంటాను. బరువు, బిగువు అన్నీ దాని మీదే ఉంటాయి, పైన లేసుది అందం పని మాత్రమే. అప్పుడు లేసు వెనక ముక్కని పరిచి, ముందు ముక్కని పువ్వుల అంచు వెంట వంకర్లు తిరుగుతూ కోసి, దాని మీదికి ఎక్కిస్తాను. పూసల మధ్యన సూది దూర్చి అంచు చుట్టూ సన్న కుట్లు. కింద మిగిలిన నెట్ ఆఖరున కత్తిరించేస్తాను. డాట్లు (ఒంటి ఒంపుకి తగ్గట్టు వేసే మడతలు) కూడా అంతే, మడవను, కోసి ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తాను. పగలగొట్టాల్సిన పూసలు పిడికెడు కూడా ఉండవు. బట్ట మాత్రం ఎక్కువ పడుతుంది, పువ్వుకి పువ్వు కలవాలి కాబట్టి. పాలకొల్లు అక్కా, ఎన్ని మీటర్లు తెచ్చారో ముందు అది చూసుకోండి, కొద్దిగానే ఉంటే ఈ వాదనే అనవసరం.

పెళ్లికూతురి_అక్క:
నేను కుట్టేదాన్ని కాదు, కుట్టించుకున్నదాన్ని. మా చెల్లి గౌను ఒకచోట ఇలాగే పువ్వుల మీద పువ్వులు ఎక్కించి కుట్టారు, పేరెందుకులెండి. చూడ్డానికి చాలా బాగుంది, అబద్ధం చెప్పకూడదు. తీరా పెళ్లి వారం ఉందనగా వేసి చూస్తే నడుం దగ్గర బిగుతు. లూజు చేద్దామంటే లోపల మార్జిన్ అన్నది లేదు, కిందదంతా కత్తిరించేశారట. ఆ వారం రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. మన ఇళ్లల్లో పెళ్లి కుదిరాక చుట్టాలు పిలిచి భోజనాలు పెడతారు, అమ్మాయి కొలతలు ఆగుతాయా అండీ?

భీమవరం_మాస్టర్:
అదీ సంగతి. నేను చెప్పబోయేదే ఆవిడ చెప్పేశారు. అంగుళం మార్జిన్ లోపల ఉంటే అరగంట పని.

అమలాపురం_గౌన్లు:
అరగంట ఎలా అవుతుంది మాస్టర్ గారూ? పాత కుట్టు విప్పితే మీరు జాయింట్ మీద తిరిగి కుట్టిన పూసలన్నీ విప్పాలి, కొత్త కుట్టు మీద మళ్లీ కుట్టాలి. ఆ అక్క వాళ్లకి జరిగింది పద్ధతి వల్ల కాదు, కింద నెట్ ముందే కత్తిరించేయడం వల్ల. ఆఖరి ఫిట్టింగ్ దాకా దాన్ని ముట్టుకోకూడదు. ఇంకో మాట, వెనకాల జిప్పు మానేసి లూపులు పెట్టి డోరీ వేస్తే రెండంగుళాల తేడా వచ్చినా అక్కడే సర్దుకుంటుంది.

తణుకు_మగ్గం:
నేను మగ్గం వేసేవాడిని, అందరూ వదిలేసిన ముక్క ఒకటి చెబుతాను. ముందు ఆ లేసు తిరగేసి చూడండి. వెనక గొలుసు గొలుసుగా కుట్టు ఉంటే అది మగ్గం సూదితో వేసినదే, పూసలన్నీ ఒకే దారం మీద వరసగా వచ్చి ఉంటాయి. ఫ్రాన్స్‌లో లునెవిల్ అనే ఊరి పేరుతో చేసే పూసల పని కూడా ఇలాంటి కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టే. ఈ గొలుసుకి ఒక గుణం ఉంది, కుట్టు ముగిసిన వైపు నుంచి లాగితే జరజరా ఊడి వచ్చేస్తుంది, మొదలు వైపు నుంచి లాగితే బిగుస్తుంది. మధ్యలో కోశారనుకోండి, ఒక ముక్కలో దారం నిలుస్తుంది, రెండో ముక్కలో అక్కడి నుంచి వెనక్కి పూసలు రాలుతూనే ఉంటాయి. చర్చి గుమ్మం దగ్గర నుంచి లోపలి దాకా పూసల బాట పడేది ఇందుకే.

కాబట్టి కోయడానికి ముందే కచ్చా గీత పక్కన ఒక వరస చేత్తో వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వేసి ఆ గొలుసుల్ని నొక్కిపెట్టాలి. లేదంటే సూది మొనతో ఫ్యాబ్రిక్ గ్లూ చుక్క చుక్క పెట్టొచ్చు, ఎక్కువైతే తెల్ల నెట్ మీద మరక పడి గట్టిగా గుచ్చుకుంటుంది. ఒక్కో పూసా విడిగా ముడేసి ఉంటే ఈ భయం లేదు.

నన్నడిగితే రెడీ లేసు కొనడమే దండగ. ఉత్త నెట్ తెచ్చి, కొలతలు గీసి మగ్గానికి కట్టి, ట్రేసింగ్ పేపరు మీద డిజైను గుచ్చి కిరసనాయిలు కలిపిన పొడి రుద్ది వర్క్ వేయిస్తే మార్జిన్ ఖాళీ, డాట్లు ఖాళీ, పువ్వు ఎక్కడ కావాలంటే అక్కడ. పాలకొల్లు అక్క బ్లౌజులకి గొడవ లేదన్నది అందుకే.

పాలకొల్లు_కుట్లు:
తమ్ముడూ, లేసు కొనేశారయ్యా, ఇప్పుడు చెబితే ఏం లాభం 😄 తిరగేసి చూశాను, గొలుసే.

నర్సాపురం_లేసుపిల్ల:
మా ఊళ్లో పెళ్లి పెట్టుకుని లేసు రాజమండ్రిలో కొన్నారా, ఆయ్! మిషనరీలు నేర్పిన అల్లిక 19వ శతాబ్దం నుంచి ఇక్కడ ఇంటింటా నడుస్తోంది, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. సరే, ఇక విషయానికి వస్తే, మా క్రోషే లేసుకి కత్తెర పెట్టే అలవాటే లేదు, ఒక్క చోట దారం తెగితే అల్లిక విడిపోతుంది. ముక్కలు కావాల్సిన ఆకారానికే అల్లి, ఒకదానికొకటి అతుకుతాం. మీ గౌనుకి కూడా జాయింట్ ఎక్కడైనా బోసిగా కనపడితే సన్న దారంతో పువ్వులు, ఆకులు అల్లించి పైన కుట్టేయండి. తెల్ల మీద తెల్ల, పూసల పక్కన బాగా కలిసిపోతుంది. తిరిగి పూసలు గుచ్చే బాధ సగం తప్పుతుంది.

భీమవరం_మాస్టర్:
అల్లికలు, పువ్వులు, చేతికుట్లు అన్నీ బాగున్నాయి. ఆ కూలి ఎవరిస్తారు? మిషన్ కుట్టుకి ఒప్పుకున్న రేటుకే చేతి పని చేయమంటారు పార్టీలు. మీరంతా అందం గురించి మాట్లాడుతున్నారు, నేను సీజన్లో షాపు నడపడం గురించి మాట్లాడుతున్నాను. రెండూ ఒకటి కాదు.

అమలాపురం_గౌన్లు:
పూసలు ఒక్కొక్కటీ సూది పెట్టి పగలగొట్టడం, తిరిగి కుట్టడం చేతి పని కాదా మాస్టర్ గారూ? గడియారం పెట్టుకుని చూడండి ఒకసారి. పూసలు దట్టంగా ఉన్న లేసుకి మీదే ఎక్కువసేపు పడుతుంది.

పెళ్లికూతురి_అక్క:
ఇస్త్రీ సంగతి ఎవరూ చెప్పలేదు. మా దాంట్లో చమ్కీలు ముడుచుకుపోయాయి.

తణుకు_మగ్గం:
ప్లాస్టిక్ చమ్కీలకి వేడి తగలకూడదండి. మందపాటి తువ్వాలు మీద బోర్లా పరిచి, పైన గుడ్డ వేసి, తక్కువ వేడి మీద అద్దాలి, రుద్దకూడదు. ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. పూస ప్లాస్టిక్కో గాజో తెలియకపోతే వేడి సూది ఆనించండి, ప్లాస్టిక్ అయితే కరుగుతుంది.

పాలకొల్లు_కుట్లు:
అందరికీ థాంక్స్ అండి. మీటర్లు కొలిచాం, మొత్తం పువ్వులు కలపడానికి చాలదు. ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. లోపలి గౌను ముందు కుట్టేస్తాం. పై భాగం సైడులు నా పద్ధతిలోనే, గొలుసులు నొక్కి, పూసలు తీసి మిషన్, లోపల అంగుళం మార్జిన్. నడుం కింద నుంచి పెద్ద పువ్వులున్న చోట మా తోటికోడలు పద్ధతి. వెనక జిప్పు బదులు డోరీ. ఇంక ఏమైనా మర్చిపోయామా?

భీమవరం_మాస్టర్:
చంక కింద జాయింట్ మీద పూసలు తిరిగి పెట్టకమ్మా, చెయ్యి ఆడినప్పుడల్లా చర్మం గీసుకుంటుంది, అక్కడ ఎవరికీ కనపడదు కూడా. ఆ అమ్మాయిని గౌనుతో కుర్చీలో కూర్చోబెట్టి చూడు, నిలబడి ఫిట్టింగ్ చూస్తే చాలదు. మీ తోటికోడలు చేతి పనికి కూలి బిల్లులో వెయ్యి, చుట్టాలైనా సరే.

అమలాపురం_గౌన్లు:
అంటే మాస్టర్ గారు చేతికుట్టుకి ఒప్పుకున్నట్టేనా?

భీమవరం_మాస్టర్:
ఒప్పుకోలేదు. నడుం కింద ఎవరూ దగ్గరికొచ్చి చూడరని ఊరుకున్నాను.