ఒంటరి బైక్ ప్రయాణంలో జియోకాషింగ్: నెల్లూరు – ఉదయగిరి – భైరవకోన – ఒంగోలు

పెన్నాగట్టు

జనవరిలో బైక్ మీద ఒక్కడినే వెళ్తున్నాను. నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం మీదుగా భైరవకోన. అక్కడి నుంచి కనిగిరి, పొదిలి, చీమకుర్తి, ఒంగోలు. తిరిగి వచ్చేటప్పుడు సింగరాయకొండ, కావలి వైపు, వీలైతే తీరం పక్కనే. దారి పొడవునా జియోకాష్‌లు, అంటే ఆటగాళ్ళు దాచి, ఆ చోటు కోఆర్డినేట్లను (అక్షాంశ రేఖాంశాలను) సైట్‌లో ఒక పేజీగా పెట్టే డబ్బాలు, వెతకాలని ఉంది. సందేహాలు మూడు. సిగ్నల్ లేని చోట యాప్ ఎట్టా పనిచేయించాలి? పేజీలో ఇచ్చిన కోఆర్డినేట్లు మ్యాప్‌లో కొడితే ఒక్కోసారి వేరే ఊరు చూపిస్తోంది, ఎందుకు? దారిలో నేనే రెండు మూడు డబ్బాలు పెట్టి రావచ్చా? ఫోన్ ఆండ్రాయిడ్, ఖాతా ఉచితానిదే.

ఉప్పుటేరు

ముందు కోఆర్డినేట్ల సంగతి చూద్దాం, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. కాష్ పేజీల్లో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు ఇస్తారు. ఉదాహరణకి N 14° 26.550 అనుకోండి. దాన్ని 14.26550 అని కొడితే అసలు చోటుకి దాదాపు 20 కిలోమీటర్ల దక్షిణాన పడతారు. 26 నిమిషాల 55 సెకన్లు అనుకుంటే సుమారు 680 మీటర్లు తేడా. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఊరు సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి తప్పు పట్టుకోలేరు. సరైన లెక్క: 26.550ని 60తో భాగిస్తే 0.4425, అంటే 14.4425. చేత్తో ఎక్కించకుండా యాప్‌లోంచే నావిగేషన్‌కి పంపితే ఈ బాధే ఉండదు.

సిగ్నల్ విషయానికొస్తే, జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్ అక్కర్లేదు, ఫ్లైట్ మోడ్‌లో కూడా పనిచేస్తుంది. డేటా లేకపోతే ఉపగ్రహాలను మొదటిసారి పట్టుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుందంతే. పొద్దున బయల్దేరే ముందు డేటా ఉన్న చోట ఒకసారి మ్యాప్ తెరిచి మీరున్న చోటు చూపే చుక్క నిలబడేదాకా ఆగండి.

అధికారిక యాప్‌లో ఆఫ్‌లైన్ జాబితాలు డబ్బు కట్టిన వాళ్ళకే. మీకు సీ జియో (c:geo) అనే వేరే యాప్ సరిపోతుంది, ఉచితం, ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉంది. ఇంట్లో వైఫై మీద దారి వెంట ఉన్న ప్రతి కాష్‌నీ తెరిచి భద్రపరచండి. వివరణ, హింట్, పాత లాగ్‌లు (ముందు వెతికినవాళ్ళు రాసిన నోట్‌లు) అన్నీ ఫోన్‌లో పడతాయి. ఆంధ్రా ఆఫ్‌లైన్ మ్యాప్ ఫైల్ విడిగా దించాలి, చాలామంది మరిచేది ఇదే: కాష్‌లు ఉంటాయి, కింద మ్యాప్ తెల్లగా ఉంటుంది. దించాక ఫ్లైట్ మోడ్ పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ప్రీమియం (డబ్బు కట్టిన) వాళ్ళకే అని గుర్తు పెట్టినవి మీ ఖాతాలో పూర్తిగా తెరుచుకోవు, వాటిని లెక్కలోంచి తీసేయండి. మిస్టరీ కాష్‌ల (చిక్కుప్రశ్న విప్పితేనే అసలు చోటు తెలిసేవి) చిక్కు ఇంట్లోనే విప్పి, వచ్చిన అసలు కోఆర్డినేట్లు అందులోనే రాసుకోండి.

వెళ్ళేముందు పాత లాగ్‌లు చదవండి. చివరి మూడు వరసగా 'దొరకలేదు' అని ఉంటే దాని కోసం 30 కిలోమీటర్లు పక్కకు వెళ్ళడం దండగ. ఒంటరిగా కాబట్టి టెర్రెయిన్ (అక్కడికి చేరడం ఎంత కష్టమో 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె) 3 దాటినవి నా లెక్కన వద్దు.

గుండ్లకమ్మ

పైన చెప్పినవన్నీ సరే. తీరం వైపు మాత్రం బకింగ్‌హాం కాలువను మరవొద్దు. యాప్ 400 మీటర్లు అని బాణం చూపిస్తుంది, నడుమ కాలువ ఉంటుంది, వంతెన కోసం కిలోమీటర్లు చుట్టి రావాలి. తీరం కాష్ ప్రతిదానికీ ఇంట్లోనే శాటిలైట్ చిత్రం చూసి, బండి ఎక్కడ ఆపాలి, కాలువకి ఏ పక్క నుంచి రావాలి అనేది వేరే వేపాయింట్‌గా (మ్యాప్ మీద విడి గుర్తుగా) పెట్టుకోండి.

రెండోది చిల్లకంప. దాని ముళ్ళు ట్యూబ్ టైర్లను బతకనివ్వవు. తారు రోడ్డు మీదే బండి ఆపి నడవండి. పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, ట్యూబ్ టైరైతే ఒక ట్యూబ్ అదనంగా ఉండాలి. కాళ్ళకి మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి.

ఫోన్‌ని హ్యాండిల్‌కి నేరుగా బిగిస్తే ఇంజిన్ అదురుకి కెమెరాలో చిత్రం కదలకుండా ఆపే భాగం పాడవ్వచ్చు. అదురు పీల్చే రబ్బరు ఉన్న హోల్డర్ వాడండి. ఎండలో స్క్రీన్ వెలుగుతూ ఛార్జింగ్ కూడా అవుతుంటే ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ ఆపేస్తుంది. బండి మీద దారి చెవిలో వింటూ, స్క్రీన్ ఆర్పేసి, పవర్ బ్యాంక్ బ్యాగులో పెట్టుకోవడం మేలు.

సంచిలో పెన్ను రెండు, చుట్టిన లాగ్ కాగితం లాగడానికి చిమటా, టార్చి, చేతి తొడుగులు, చిన్న కర్ర. రాళ్ళ సందులో ముందు కర్ర పెట్టి కదిపి, తేళ్ళు, పాములు లేవని చూశాకే చెయ్యి పెట్టాలి. చివరి 5 మీటర్లకి వచ్చాక బాణం వెంట తిరగడం మానేయండి, ఫోన్‌కి అంతకంటే కచ్చితత్వం ఉండదు. ఫోన్ జేబులో పెట్టి, డబ్బా మీరే దాచాలంటే ఎక్కడ దాచేవారో చూడండి.

రాతిపలక

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. మన వైపు పాత కోటలు, గుళ్ళ దగ్గర గుప్తనిధుల కోసం తవ్వే ముఠాల బెడద ఉంది. ఉదయగిరి కొండ మీదో భైరవకోన దగ్గరో ఒంటరి మనిషి ఫోన్ చూసుకుంటూ రాళ్ళు కదుపుతుంటే ఊళ్ళో వాళ్ళకి వచ్చే మొదటి అనుమానం అదే, వాళ్ళ తప్పేమీ లేదు. తాపీ, పలుగు లాంటివేవీ సంచిలో ఉండకూడదు. జియోకాషింగ్ నియమాల ప్రకారం కూడా స్థలం యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా డబ్బా కోసం నేల తవ్వకూడదు. చీకటి పడ్డాక వెతకొద్దు. అక్కడున్న పెద్దాయన్ని మీరే ముందుగా పలకరించి, "జీపీఎస్‌తో డబ్బా వెతికే ఆటండీ, లోపలున్న కాగితం మీద పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేస్తాం" అని యాప్ తెరిచి చూపించండి. దాచుకుంటూ వెతికితేనే గొడవ.

రేవు, రైలు పట్టాలు, డ్యాం, విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల ఏదైనా కనిపించినా వదిలేయండి. చేతి జీపీఎస్ కొనాలనుకుంటే ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే రకం మాత్రం వద్దు, మన దేశంలో అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు.

పెన్నాగట్టు

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. డబ్బాలు పెట్టే సంగతి మిగిలింది. చీమకుర్తిలో ఒకటి పెట్టాలని బాగా ఉంది.

ఉప్పుటేరు

ప్రయాణంలో పెట్టి వచ్చేస్తే రివ్యూయర్ (కొత్త కాష్‌లను పరిశీలించి ఆమోదించే వ్యక్తి) ప్రచురించడు. తడిసినా పోయినా మీరే వెళ్ళి సరిచేయగలగాలి, కాబట్టి ఇంటికి దగ్గర్లోనే పెట్టండి. ఇంకో డబ్బాకి 161 మీటర్ల దూరం ఉండాలి. స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఉండాలి. నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో రబ్బరు ఉన్న చిన్న టిఫిన్ డబ్బా తీసుకుని, లాగ్‌బుక్‌ను జిప్ కవర్‌లో వేసి పెట్టండి. చాక్లెట్లు, బిస్కెట్లు వేస్తే చీమలు పడతాయి, కోతులు ఎత్తుకుపోతాయి. మైపాడు లాంటి తీరం చోట అయస్కాంతం డబ్బా వద్దు, ఉప్పు గాలికి తుప్పు పడుతుంది. కోఆర్డినేట్లు ఒక్కసారి చూసి రాసేయకుండా వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

రాతిపలక

చీమకుర్తికి డబ్బా కంటే ఎర్త్‌కాష్ నప్పుతుంది. అందులో డబ్బా ఉండదు. అక్కడి రాయిని చూసి జవాబులు రాసి మీకు పంపుతారు. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్‌లో నల్లటి రాయి మీద మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పాలిష్ పలక దగ్గర నిలబడి తల పక్కకి జరిపితే కొన్ని చుక్కలు ఆరిపోయి వేరేవి వెలుగుతాయి, ఎందుకంటే ఒక్కో స్ఫటికం ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. "ఎన్ని మిల్లీమీటర్ల చుక్కలున్నాయి, ఏ కోణంలో వెలుగుతున్నాయి" అని అడిగితే మంచి ప్రశ్న అవుతుంది. క్వారీ లోపలికి మాత్రం పంపొద్దు, పేలుళ్ళు జరుగుతుంటాయి, స్థలం లీజుదారులది. పలకలు బయట పేర్చి ఉండే పాలిషింగ్ యూనిట్ యజమానిని అడిగి, అనుమతి ఇచ్చినట్టు కాగితం తీసుకుని, దాన్ని రివ్యూయర్‌కి రాసే నోట్‌లో చూపించండి.