ఆటోమేటిక్ పికప్ గేర్‌బాక్స్ ఆయిల్: 82 వేలు దాటింది, మార్చాలా వద్దా?

చీనీతోట (అనంతపురం)
బండి టొయోటా హైలక్స్, డీజిల్, ఆటోమేటిక్. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు ముట్టుకోలేదు. సీజన్‌లో వారానికి రెండు మూడు ట్రిప్పులు వెనక చీనీకాయల లోడు ఉంటుంది, నంద్యాల మీదుగా గిద్దలూరు ఘాటు ఎక్కుతాది. ఒక మెకానిక్ "బండి బతికినన్నాళ్లూ మార్చే పనే లేదు" అంటాడు. ఇంకో మెకానిక్ "ఇన్నాళ్లు మార్చనిది ఇప్పుడు మారిస్తే గేర్లు జారతాయి" అంటాడు. ఈ మధ్య రెండు నుంచి మూడులో పడేటప్పుడు పొద్దున పూట చిన్న కుదుపు వస్తాంది. డిప్‌స్టిక్ లేదు. ఎన్ని లీటర్లు కొనాల, ఇంటి దగ్గర చేసుకోవచ్చా?

నల్లమల డీజిల్ (కర్నూలు)
మార్చాల్సిందే అన్నా. కిలోమీటర్లకన్నా ముందు వేడి లెక్క చూడండి. నేషనల్ హైవే 44 మీద 80, 90లో పోయేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) లాకప్ పడి ఉంటుంది, అంటే రెండు వైపులా నేరుగా బిగుసుకుంటాయి, ఆయిల్ పెద్దగా కాగదు. ఘాటులో లోడుతో 25, 30లో ఎక్కేటప్పుడు లాకప్ విడిపోతుంది. అప్పుడు కన్వర్టర్‌లో జారే శక్తి మొత్తం వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) 80 డిగ్రీల దగ్గర చాలాకాలం బాగుంటుంది. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుందని మోటు లెక్క. కాబట్టి ఘాటు, లోడు, మన ఎండ మూడూ కలిసిన బండికి 60 నుంచి 80 వేల మధ్య మార్చుకోవడం మంచిది. ఖాళీగా ఊర్లో తిరిగే బండికి లక్ష దాకా ఆగినా తప్పులేదు.

"మారిస్తే జారతాయి" అనే మాట పూర్తిగా ఉత్తది కాదు, కానీ నెపం ఆయిల్ మీద వేయడం తప్పు. క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగి జారుతున్న బాక్స్‌లో కొత్త ఆయిల్ పోసినా అది కొన్నాళ్లకు పోతుంది, పాత ఆయిల్‌తోనూ పోతుంది. మీది జారడం లేదు కదా, ఆర్‌పీఎం ఊరికే పైకి లేవడం లేదు కదా? కుదుపు ఒక్కటే అయితే భయం లేదు.

ఆయిల్ డబ్ల్యూఎస్ (టొయోటా సొంత ఏటీఎఫ్) రకమే పోయాలి. డెక్స్రాన్ 3, సీవీటీ ఆయిల్, గేర్ ఆయిల్ 75డబ్ల్యూ90, ఇవేవీ దీనికి పనికిరావు. చిక్కదనం, క్లచ్ పట్టు రెండూ మారిపోతాయి. రంగు ఎర్రగా ఉందని అన్నీ ఒకటే అనుకోవద్దు.

పాన్ గాస్కెట్ (కడప)
ఇంటి దగ్గర చేసుకోవచ్చు, కానీ లెవెల్ పెట్టడం తెలియకుండా మాత్రం దిగొద్దు. పనంతా దాంట్లోనే ఉంది.

కింది ప్లగ్ విప్పితే మూడున్నర నుంచి నాలుగు లీటర్లు దిగుతుంది. మిగతాది కన్వర్టర్‌లో, ఆయిల్ కూలర్‌లో, వాల్వ్ బాడీలో (గేర్లకు ఆయిల్ ఒత్తిడిని పంచే భాగం) ఉండిపోతుంది. అంటే ఒకసారి దింపి పోస్తే మారేది సుమారు 40 శాతం. మధ్యలో రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి మూడుసార్లు చేస్తే 78 శాతం దాకా కొత్తదవుతుంది. 12 లీటర్లు కొని పెట్టుకోండి, ఒక లీటరు మిగిలినా పర్వాలేదు.

ముందు పోసే ప్లగ్ విప్పండి, ఆ తర్వాతే దింపే ప్లగ్. పోసే ప్లగ్ తుప్పు పట్టి రాకపోతే ఆయిల్ మొత్తం దిగిన బండి ఎటూ కదలదు. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ అనుకొని గేర్‌బాక్స్ ప్లగ్ విప్పేస్తారు, తర్వాత ఇంజిన్‌లో రెట్టింపు పోస్తారు. ఇంజిన్ ఆయిల్ దింపేటప్పుడు ఎర్రగా, పలచగా వస్తే చేయి ఆపండి.

దిగిన ఆయిల్‌ను కొలతలున్న క్యాన్‌లో పట్టండి. 60 డిగ్రీల దగ్గర దింపిన నాలుగు లీటర్లు, 30 డిగ్రీలకు చల్లారాక సుమారు 90 మిల్లీలీటర్లు తగ్గుతాయి. అందుకే చల్లారాక కొలిచి, అంతే కొత్తది హ్యాండ్ పంపుతో పోయాలి.

మొదటిసారి కాబట్టి పాన్ (బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ), దాని ఓ రింగ్, పాన్ గాస్కెట్ మార్చండి. పాన్ బోల్టులు 10 నంబర్ స్పానర్‌వి, చిన్నవి. 7 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, పెద్ద రాచెట్ పెట్టి లాగితే బాక్స్ అల్యూమినియం మర ఊడుతుంది. గాస్కెట్‌కు సిలికాన్ పూయొద్దు. లోపలికి ఒదిగిన ముక్క విడిపోయి స్ట్రైనర్‌కో వాల్వ్‌కో అడ్డంపడుతుంది. ప్లగ్ వాషర్లు కొత్తవే వేయండి.

ఇప్పుడు లెవెల్. బండి నాలుగు వైపులా సమానంగా ఎత్తాలి, ముందు మాత్రమే జాకీ పెడితే లెక్క తప్పుతుంది. పోసే ప్లగ్ మూసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పీ నుంచి కింది దాకా ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఆపుతూ పోయి, తిరిగి పీలో పెట్టండి. ఆయిల్ మాన్యువల్ చెప్పిన వేడికి రావాలి. ఇది 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. స్కానర్‌లో (బండి కంప్యూటర్ అంకెలు చూపే పరికరం) ఆయిల్ వేడి చూస్తూ, ఇంజిన్ నడుస్తుండగానే ఓవర్‌ఫ్లో ప్లగ్ (ఎక్కువైన ఆయిల్ బయటికి పోయేది) తీయాలి. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారినప్పుడు మూసేయండి. ఏమీ రాకపోతే అర లీటరు పోసి మళ్లీ. ఇంజిన్ ఆపి ప్లగ్ తీస్తే కన్వర్టర్ ఆయిల్ పాన్‌లోకి దిగి, కావలసింది కూడా బయటికి పోతుంది.

మన దగ్గర చిక్కు ఇక్కడే. మే నెలలో మధ్యాహ్నం నీడలోనే 42 ఉంటే ఆయిల్ ఆ వేడి దాటేసే ఉంటుంది. వేడిలో వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువ కారిపోయి, చల్లారాక లెవెల్ తక్కువవుతుంది. పంపు గాలి పీలుస్తుంది, గేరు ఆలస్యంగా పడుతుంది, ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. మరీ చల్లగా మూస్తే ఎక్కువ మిగిలి, తిరిగే భాగాలు చిలికి నురుగు వస్తుంది. రాత్రంతా ఆపిన బండిని తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టండి, చేతిలో చాలా సమయం ఉంటుంది.

రిటర్న్ లైన్
మెషిన్‌తో ఒకేసారి మొత్తం మార్పిస్తే అయిపోతుంది కదా, మూడుసార్లు కష్టమెందుకు?

పాన్ గాస్కెట్ (కడప)
ఒత్తిడితో తోసే మెషిన్ 82 వేలు ఎప్పుడూ మార్చని బాక్స్‌కు వద్దు. పేరుకున్న పొడి కదిలి వాల్వ్ బాడీలో ఇరుక్కుంటుంది. కూలర్ రిటర్న్ పైపు విప్పి బకెట్‌లో పెట్టి, బాక్స్ సొంత పంపుతోనే మార్చే పద్ధతి మంచిదే. రెండు లీటర్లు బయటికి రాగానే ఇంజిన్ ఆపి, రెండు లీటర్లు పోసి, మళ్లీ మొదలు. దానికి ఇద్దరు కావాలి, ఒకడు తాళంచెవి దగ్గర, ఒకడు బకెట్ దగ్గర. ఒక్క నిమిషం పరధ్యానం పడితే పంపు ఎండిపోతుంది.

చీనీతోట (అనంతపురం)
పాన్ దించినప్పుడు ఏం చూడాల?

నల్లమల డీజిల్ (కర్నూలు)
మాగ్నెట్లకు పట్టిన బూడిద రంగు పేస్టు మామూలే, వేళ్ల మధ్య రుద్దితే వెన్నలాగా ఉండాలి. గుచ్చుకునే పొరకలు కనిపిస్తే గేరో బేరింగో పోతాంది. పసుపు మెరుపు ఉంటే బుష్‌లు. నల్లటి పొట్టు, మాడిన వాసన కలిసి ఉంటే క్లచ్ ప్లేట్లు. ఆయిల్ నల్లబడిందని మాత్రమే తీర్పు ఇవ్వొద్దు, వాసనే ముఖ్యం. గులాబీ రంగు లస్సీలాగా ఉంటే మాత్రం బండి నడపొద్దు. రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలంట్ కలిసిందని అర్థం, నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది.

టిప్పరప్ప (యర్రగుంట్ల)
క్వారీ టిప్పర్లలో ఆలిసన్ కంపెనీ ఆటోమేటిక్ బాక్స్ ఉంటే ఇదంతా వర్తించదు. దాంట్లో ఆయిల్ లెవెల్ చూసేది వేడిమీదే, 60 నుంచి 104 డిగ్రీల మధ్య. న్యూట్రల్, పార్కింగ్ బ్రేక్, సమతలం, ఐడిల్. సెలెక్టర్ మీద పైకి, కిందికి బాణాలు రెండూ కలిపి ఒకసారి నొక్కి రెండు నిమిషాలు ఆగితే లెవెల్ అదే చూపిస్తాది. ఆయిల్ కూడా వేరు, ఆలిసన్ వాళ్ల టీఈఎస్ 295 లేదా 668 ప్రమాణానికి ఆమోదమున్నదే. డబ్ల్యూఎస్ మిగిలింది కదా అని దాంట్లో పోస్తారేమో!