రెండు సర్వర్లూ ‘నేనే ప్రైమరీ’ అని కూర్చున్నాయి: పోస్ట్‌గ్రెస్ ఫెయిలోవర్ ఎలా పెట్టుకోవాలి?

ఉద్దానం కుర్రాడు (పలాస)

నమస్తే అందరికీ. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలకి స్టాకు, బిల్లింగు సాఫ్ట్‌వేర్ మేమే నడుపుతున్నాం. పిక్కల బస్తా లోపలికొచ్చిన దగ్గర్నుంచి పప్పు డబ్బా లారీ ఎక్కేదాకా లెక్కంతా అందులోనే. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15. ప్రైమరీ, అంటే రాతలన్నీ తీసుకునే అసలు సర్వర్, పలాసలో మా ఆఫీసులోనే ఉంది; దాని నకలు ఉంచుకునే స్టాండ్‌బై శ్రీకాకుళంలో ఒక అద్దె గదిలో. స్ట్రీమింగ్ రెప్లికేషన్ (ప్రైమరీలో మార్పులు ఎప్పటికప్పుడు స్టాండ్‌బైకి చేరడం) ఏడాదిన్నరగా బాగానే నడుస్తోంది.

ఫెయిలోవర్ కోసం, అంటే ప్రైమరీ పడిపోతే స్టాండ్‌బై దాని చోటు తీసుకోవడానికి, నేనే ఒక స్క్రిప్టు రాశాను. స్టాండ్‌బై ఐదు సెకన్లకోసారి ప్రైమరీకి పింగ్ కొడుతుంది, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే తనని తాను ప్రమోట్ చేసుకుంటుంది, అంటే ప్రైమరీగా మారుతుంది. రాసిన రోజు పలాస సర్వర్ ఆపేసి చూశాను, పావు నిమిషంలో శ్రీకాకుళంది లేచింది. చాలా సంతోషపడ్డాను.

పోయిన నెల హైవే పక్కన తవ్వుతూ ఫైబర్ తెంపేశారు. శ్రీకాకుళం సర్వర్ ప్రమోట్ అయిపోయింది. కానీ పలాస సర్వర్ బతికే ఉంది కదా, మా ఆఫీసు నుంచి వైర్‌లెస్ లింకు మీద ఉన్న నాలుగు ఫ్యాక్టరీలు దాని మీదే బిల్లులు కొట్టుకుంటూ పోయాయి. మొబైల్ యాప్ వాడే బయటి ఊళ్ల వాళ్లు కొత్త ప్రైమరీకి వెళ్లిపోయారు. నలభై నిమిషాలు ఇలా నడిచింది. నంబర్ల మధ్య ఖాళీలు రాకూడదని బిల్లు నంబరు సీక్వెన్స్ (పోస్ట్‌గ్రెస్‌లో వరస నంబర్లిచ్చే సౌకర్యం) నుంచి కాకుండా ఒక టేబుల్‌లోంచి ఇస్తాం, దాంతో బిల్లు 2217 రెండు చోట్లా పుట్టింది. ఒకదాని మీద డబ్ల్యూ 240 రకం నలభై డబ్బాలు, ఇంకోదాని మీద డబ్ల్యూ 320 రకం పదిహేను డబ్బాలు, పార్టీలు కూడా వేరు. రెండూ ప్రింటయ్యాయి, రెండింటి మీదా సంతకాలు ఉన్నాయి. రెండు రాత్రులు కూర్చుని కాగితాలు పక్కన పెట్టుకుని ఒక్కో వరసా సరిచేశాను.

మా ఓనర్ గారు ఆటోమేటిక్‌గానే ఉండాలంటున్నారు, ఒక్క బిల్లు కూడా పోకూడదంటున్నారు. పింగులు మూడు కాకుండా పది చేస్తే సరిపోతుందా? అసలు ఇది ఎలా డిజైన్ చేస్తారు? పాత ప్రైమరీని మళ్లీ స్టాండ్‌బైగా కలపడానికి మొత్తం బేస్ బ్యాకప్ (డేటాబేస్ పూర్తి నకలు) తీయడం తప్ప వేరే దారి లేదా?

గంటస్తంభం (విజయనగరం)

తమ్ముడూ, పది చేసినా వంద చేసినా అదే కథ. పింగుకి జవాబు రాలేదంటే అవతలి సర్వర్ పోయిందనైనా అర్థం, మధ్యలో దారి పోయిందనైనా అర్థం. శ్రీకాకుళంలో కూర్చున్న స్టాండ్‌బైకి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరే ఉన్నప్పుడు, వాళ్ల మధ్య మాట తెగిపోతే, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో తేల్చే మార్గమే లేదు. నువ్వు టెస్టు చేసినప్పుడు సర్వర్‌ని ఆపావు, కేబుల్ పీకలేదు. కేబుల్ పీకి ఉంటే ఆ రోజే బయటపడేది.

స్టాండ్‌బైని లేపడం పెద్ద పని కాదు, వెర్షన్ 12 నుంచి పీజీ_ప్రమోట్ అని ఒక్క ఫంక్షన్ పిలిస్తే చాలు. కష్టమంతా పాత ప్రైమరీ ఇక రాయడం లేదని గట్టిగా తెలుసుకోవడంలోనే ఉంది. ఆ పని పోస్ట్‌గ్రెస్ చెయ్యదు. ప్రైమరీ పడిపోయిందని కనిపెట్టే ఏర్పాటు తమ దగ్గర లేదని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది, బయటి టూల్ పెట్టుకోవాలి.

నేనైతే పాట్రోని (ఫెయిలోవర్ చూసుకునే టూల్), దాని వెనక ఈటీసీడీ (కొన్ని మెషీన్లు ఓటుతో ఒకే మాట మీద ఉండే చిన్న స్టోర్) పెడతాను. ఈటీసీడీలో లీడర్ అని ఒక తాళంచెవి లాంటిది ఉంటుంది, దానికి గడువు మామూలుగా 30 సెకన్లు. ప్రైమరీ దగ్గరున్న పాట్రోని పది సెకన్లకోసారి ఆ గడువు పొడిగించుకుంటూ ఉండాలి. పొడిగించుకోలేకపోతే అదే తన పోస్ట్‌గ్రెస్‌ని రాతల నుంచి దించేస్తుంది. నీ స్క్రిప్టులో లేనిది సరిగ్గా ఇదే. నువ్వు స్టాండ్‌బైకి లేవడం నేర్పావు గానీ ప్రైమరీకి దిగడం నేర్పలేదు. పాట్రోనీయే బిగుసుకుపోతే ఎవరు దించుతారని అడుగుతావేమో, దానికి లినక్స్ వాచ్‌డాగ్ ఉంది, పాట్రోని దానికి సమయానికి హాజరు వేయించుకోకపోతే మెషీన్‌నే రీస్టార్ట్ చేసేస్తుంది. దాన్ని మర్చిపోకుండా ఆన్ చెయ్యి.

ఈటీసీడీ మాత్రం రెండు చోట్లే పెట్టకు. రెండింట్లో మెజారిటీ అంటే రెండూ ఉండాల్సిందే, ఒకటి పోతే మొత్తం ఆగిపోతుంది, అంటే ఒకటే ఉన్నదానికన్నా అధ్వాన్నం. మూడు కావాలి: పలాస, శ్రీకాకుళం, ఇంకో లైను మీద ఉండే మూడో ఊరు. మూడోదాంట్లో డేటాబేస్ ఉండక్కర్లేదు, ఓటు వేస్తే చాలు, చిన్న మెషీన్ సరిపోతుంది.

ఇది ఇప్పుడే మీ ఓనర్ గారికి చెప్పు. పలాస ఫైబర్ మళ్లీ తెగితే అక్కడి ప్రైమరీ దిగిపోతుంది, అప్పుడు ఆఫీసు పక్కనే ఉన్న నాలుగు ఫ్యాక్టరీలు బిల్లు కొట్టలేవు, సర్వర్ కళ్లెదురుగా వెలుగుతూ ఉన్నా సరే. అది తప్పు కాదు, అలా జరగాలి. లైను తెగినా అందరూ అన్ని చోట్లా రాసుకోవాలి, లెక్క మాత్రం ఒక్కటే ఉండాలి అంటే ఏ టూలూ ఇవ్వలేదు.

టెక్కలి జంక్షన్

మాస్టారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ మీ సైజుకి నేను ఆటోమేటిక్ వద్దంటాను. సర్వర్లు రెండు, చూసుకునే మనిషి ఒక్కడు, దానికి మూడు ఊళ్లలో ఈటీసీడీ అంటే ఆ కుర్రాడు పోస్ట్‌గ్రెస్‌తో పాటు దాన్ని కూడా కాపలా కాయాలి.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు సంగతి గుర్తుందా? 2018 అక్టోబర్ 21న అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్కు 43 సెకన్లు తెగింది. వాళ్లది మైఎస్‌క్యూఎల్, ఆటోమేటిక్ టూల్ వెంటనే ప్రైమరీలని పశ్చిమ తీరానికి మార్చేసింది. తూర్పున అప్పటికే పడి, పశ్చిమానికి ఇంకా చేరని రాతలు కొన్ని మిగిలిపోయాయి. అవన్నీ సర్దుకుని సైటు మళ్లీ మామూలుగా నడవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అంత పెద్ద టీం ఉండి కూడా. ఆ 43 సెకన్లూ ఊరుకుని ఉంటే ఇంత జరిగేది కాదు.

మీకు పలాసలో ఒక మనిషి ఉన్నాడు. ఫోన్ చేస్తే వెళ్లి సర్వర్ లైటు వెలుగుతోందో లేదో చూసి చెప్తాడు, చెప్పిన వెంటనే స్విచ్ ఆపేస్తాడు. మీ మూడో ఓటు అతనే. స్క్రిప్టు పాత్ర మీకు ఫోన్ మోగించడం వరకే ఉంచండి, ప్రమోట్ మీరు చెయ్యండి. ఫైబర్ కాకుండా ఒక సిమ్ డాంగిల్ మీద పలాస ఆఫీసుకి రెండో దారి కూడా పెట్టుకోండి, దాంట్లోంచి లోపలికెళ్లి పోస్ట్‌గ్రెస్ ఆపగలగాలి. వరస మాత్రం తప్పకూడదు: ముందు పాతదాన్ని ఆపడం, ఆగిందని కళ్లతో చూడడం, ఆ తర్వాతే కొత్తదాన్ని లేపడం. తొందరలో చెయ్యి తిరగబడేది ఇక్కడే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రెప్లికేషన్ సరిచేస్తున్న ఇంజనీరు సెకండరీ అనుకుని ప్రైమరీ డేటా డైరెక్టరీని తుడిచేశాడు, దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అందుకే రెండు మెషీన్ల ప్రాంప్టులకీ వేరే రంగులు పెట్టండి, ఊరి పేరు పెద్దగా కనిపించేలా రాయండి.

ఇంకొకటి, ఇది నా అనుభవం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా స్టాండ్‌బై టెక్కలిలో, ప్రైమరీ విశాఖలో. టెక్కలిలో కరెంటు పోయింది, స్తంభాలు పడిపోయాయి, ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ఇంట్లో నీళ్లకే తిరుగుతున్నాం, స్టాండ్‌బై గురించి ఎవరు ఆలోచిస్తారు? కానీ దానికి రెప్లికేషన్ స్లాట్ ఉంది. స్లాట్ ఉందంటే, అవతలివాడు వచ్చి తీసుకునేదాకా ప్రైమరీ వాల్ ఫైళ్లని (మార్పులన్నీ ముందుగా రాసుకునే లాగ్) పారేయదు. నాలుగో రోజు విశాఖలో డిస్కు నిండిపోయి ప్రైమరీయే ఆగిపోయింది. గాలి అక్కడ ఏమీ చెయ్యలేదు, తోడుగా పెట్టుకున్న స్టాండ్‌బై చేసింది. అప్పట్లో దానికి హద్దు పెట్టే సెట్టింగే లేదు, 2020లో వెర్షన్ 13తో మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ వచ్చింది. మీది 15 కాబట్టి ఇవాళే పెట్టండి. హద్దు దాటితే స్టాండ్‌బైని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి, కట్టుకుందాం, ప్రైమరీ అయితే నిలబడుతుంది. అక్టోబర్ నవంబర్లలో మన జిల్లాలో ఇది మర్చిపోకూడని సెట్టింగు.

ఉద్దానం కుర్రాడు (పలాస)

ఇద్దరికీ దండాలు అన్నా. తిత్లీకి మా ఇల్లు కూడా ఉద్దానంలోనే, కొబ్బరి చెట్లు ఒక్కటీ మిగల్లేదు, మీరు చెప్పింది కళ్లముందు ఆడింది. స్లాట్ హద్దు ఇప్పుడే పెట్టేశాను, 20 జీబీ.

ఓనర్ గారికి అర్థమయ్యేలా చెప్పాను, కాస్త మెత్తబడ్డారు. కానీ ‘ఒక్క బిల్లూ పోకూడదు’ దగ్గర ఆగిపోయారు. సింక్రనస్ (స్టాండ్‌బైకి కూడా చేరాకే సేవ్ అయిందని చెప్పడం) పెడితే ఆ టెన్షన్ తీరిపోతుందా? యాప్‌లో కనెక్షన్‌కి రెండు హోస్టులూ ఇచ్చి, రాయగలిగే సర్వర్‌కే వెళ్లమని పెట్టాను, అది చాలదా?

గంటస్తంభం (విజయనగరం)

రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. నువ్వు పెట్టిన ఆ సెట్టింగు, టార్గెట్_సెషన్_ఆట్రిబ్యూట్స్, మంచి సౌకర్యమే, వెర్షన్ 10 నుంచి ఉంది. కానీ అది రాయగలిగే సర్వర్ ఏదని అడుగుతుందే తప్ప అసలైనది ఏదని అడగదు. ఆ రోజు రెండూ రాయగలిగేవే, తనకి అందిన మొదటిదానికి వెళ్లిపోయింది. పాత ప్రైమరీ ఆగాకే దాని వల్ల ఉపయోగం.

ఇక సింక్రనస్. స్టాండ్‌బై ఒక్కటే ఉండి దాన్ని సింక్రనస్ చేస్తే, శ్రీకాకుళంలో కరెంటు పోయిన ప్రతిసారీ పలాసలో కమిట్లు (లావాదేవీని ఖాయం చేయడం) ఆగి కూర్చుంటాయి. ఎర్రర్ కూడా రాదు, తిరుగుతూనే ఉంటుంది. బిల్లింగు అబ్బాయి విసుగొచ్చి క్యాన్సిల్ నొక్కితే, లావాదేవీ ఇక్కడ అప్పటికే కమిట్ అయిపోయింది, అవతలికి చేరి ఉండకపోవచ్చు అని వార్నింగ్ ఇస్తుంది. అంటే క్యాన్సిల్ అయిందనుకున్న బిల్లు డేటాబేస్‌లో ఉంటుంది, వాడు మళ్లీ కొడతాడు. దీన్ని యాప్‌లో చూసుకోవాలి.

మంచి వైపు కూడా ఉంది. నీ ఫైబర్ తెగిన రోజు సింక్రనస్ ఉండి ఉంటే పలాసలో బిల్లులు ‘సేవ్ అయింది’ అని చెప్పేవే కావు, 2217 రెండోసారి ప్రింటయ్యేది కాదు. కానీ దాన్నే కాపలా అనుకోకు. ఆగి ఉన్న ఆ కమిట్లు డిస్కు మీద ఉన్నాయి, సర్వర్ రీస్టార్ట్ అయితే అన్నీ పూర్తయినట్టే లెక్క.

సింక్రనస్_కమిట్ మొత్తం డేటాబేస్‌కి ఒకటే ఉండాలని లేదు, ఒక్కో లావాదేవీకి విడిగా మార్చుకోవచ్చు. బిల్లు, డబ్బు చెల్లింపు మాత్రమే స్టాండ్‌బైకి చేరేదాకా ఆగనివ్వు, తూకం నమోదు, రిపోర్టుల టేబుళ్లు ‘లోకల్’లో (స్టాండ్‌బై కోసం ఆగకుండా) పెట్టు. చేతిలో డబ్బులున్నప్పుడు రెండో స్టాండ్‌బై కొనండి, అప్పుడు ఇద్దరిలో ఏ ఒక్కరు అందుకున్నా చాలని రాసుకోవచ్చు, అది వెర్షన్ 10లో వచ్చింది.

టెక్కలి జంక్షన్

పాతదాన్ని కలపడం గురించి ఎవరూ చెప్పలేదు కదా. పీజీ_రివైండ్ ఉంది, బేస్ బ్యాకప్ అంతా మళ్లీ తీయక్కర్లేదు. రెండు సర్వర్ల టైంలైన్లు (మార్పుల చరిత్రలు) ఎక్కడ విడిపోయాయో చూసి, అక్కడి నుంచి మారిన బ్లాకులే తెచ్చుకుంటుంది. కానీ దానికి వాల్_లాగ్_హింట్స్ అనే సెట్టింగు గానీ డేటా చెక్‌సమ్‌లు గానీ ముందు నుంచే ఆన్‌లో ఉండాలి, విడిపోయాక పెడితే లాభం లేదు. వాల్_లాగ్_హింట్స్‌కి రీస్టార్ట్ కావాలి, అది ఒక రాత్రి చేసుకోండి.

రివైండ్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. అది పాత సర్వర్‌లో విడిగా పుట్టిన రాతలన్నీ తీసిపారేస్తుంది. మీ పలాస 2217 లాంటివి ఉంటే అవి పోయినట్టే. ముందు పీజీ_డంప్‌తో పాత సర్వర్ డేటా కాపీ తీసి పక్కన పెట్టుకోండి, ఆ తర్వాతే రివైండ్.

ఉద్దానం కుర్రాడు (పలాస)

అప్‌డేట్ ఇస్తున్నాను. ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీలు మూసేశాక, ఓనర్ గారు పక్కనే ఉండగా, బ్యాకప్ తీసి, పలాసలో ఫైబర్ కేబుల్ నేనే పీకాను. స్క్రిప్టు ఇప్పుడు ఫోన్ మోగిస్తుంది అంతే. సిమ్ దారిలో లోపలికెళ్లి పోస్ట్‌గ్రెస్ ఆపాను, ఆగిందని చూశాక శ్రీకాకుళంలో ప్రమోట్ కొట్టాను. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. ప్రమోట్‌కి రెండు సెకన్లు. ఆరు నిమిషాలు డాంగిల్ రీఛార్జ్ అయిపోయి ఉండడంతో పోయాయి, దానికి ఇప్పుడు ఏడాది ప్లాన్ వేయించాం.

ఒకటి అనుకోనిది కనిపించింది. మొబైల్ యాప్ సర్వర్‌లోని కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల గుంపు) పాత కనెక్షన్లనే పట్టుకుని వేలాడుతూ ఉంది, నేను రీస్టార్ట్ చేసేదాకా కొత్త ప్రైమరీకి రాలేదు. టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ అవతలివైపు బతికుందా అని చూసే పలకరింపు) గడువు తగ్గించి మళ్లీ వచ్చే ఆదివారం చూస్తాను. రివైండ్ మాత్రం మొదటిసారే పనిచేసింది, పలాస సర్వర్ నాలుగు నిమిషాల్లో స్టాండ్‌బైగా కలిసిపోయింది. ఓనర్ గారు విజయనగరంలో వాళ్ల బావమరిది గోడౌన్‌లో మూడో మెషీన్‌కి చోటు ఇప్పిస్తానన్నారు. అక్కడ ఫైబర్ మాది కాకుండా వేరే కంపెనీదేనా అని కనుక్కోమన్నాను.