‘హీటింగ్ డిగ్రీ డేస్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న (సెమిలిగుడ నుంచి):
బయటి ఉష్ణోగ్రతల లెక్క చూసి, భవనంలో హీటర్లకు ఎంత కరెంటు పడుతుందో అంచనా కట్టే పద్ధతి మీద పిల్లలకి తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘హీటింగ్ డిగ్రీ డేస్’ అన్న మాట అడుగడుగునా వస్తోంది. ‘చలి రోజులు’ అని రాశాను. సరిపోతుందంటారా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
సరిపోదు మాస్టారూ. చలి రోజులంటే పిల్లలు ఎన్నాళ్లు చలేసిందో లెక్కపెడతారు. ఇది డిగ్రీలనీ రోజులనీ గుణించి కూడితే వచ్చేది. ఉపాధి హామీలో పదిమంది ఐదు రోజులు చేస్తే 50 పనిదినాలు అంటాం కదా, అదే పద్ధతి. 18 డిగ్రీలను గీతగా పెట్టుకోండి. ఇవాళ సగటు 13 అయితే 5. రేపు 15 అయితే 3. ఎల్లుండి 20 ఉంటే సున్నా. ఆ రోజు ఎక్కువైన రెండు డిగ్రీలు తెచ్చి ముందు రోజుల లోటు పూడ్చకూడదు. మొత్తం 8 డిగ్రీ దినాలు.

అందుకే నేనైతే ‘లోటు డిగ్రీ దినాలు’ అంటాను. వర్షపాతం లోటు అని పేపర్లో రోజూ చదివేదే. ఏసీల లెక్కకు వాడే ‘కూలింగ్ డిగ్రీ డేస్’కి ‘మిగులు డిగ్రీ దినాలు’ అనొచ్చు. జంట కుదురుతుంది.

జవాబు (రాయగడ నుంచి):
లోటు బాగుంది. కానీ ఈ లెక్క మొదట పుట్టింది పంటల కోసం. 1878లో రిచర్డ్ స్ట్రేచీ అనే బ్రిటిష్ అధికారి 42 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పైన పోగయ్యే వేడిని లెక్కగట్టాడు. పైరు ఎదగడానికి కావలసిన వెచ్చదనం అది. ‘పోగు’ అన్న మాట కూడా ఎక్కడో రావాలి.

ప్రశ్న అడిగినవారు:
మరి గీత 18 దగ్గరే ఎందుకు? గది 21 ఉండాలంటారు కదా.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
మంచి ప్రశ్న. గదిలో మనుషులుంటారు, దీపాలుంటాయి, పొయ్యి వెలుగుతుంది, కిటికీలోంచి ఎండ పడుతుంది. పై రెండు మూడు డిగ్రీలు వీటివల్లే వచ్చేస్తాయి. హీటరు పూడ్చాల్సింది ఆ కింది లోటే. అందుకే గీత భవనాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 15.5 వాడతారు, అమెరికాలో 18.3. అది వాళ్ల 65 ఫారన్‌హీట్. దీన్ని ‘ఆధార ఉష్ణోగ్రత’ అని రాయండి, పుస్తకాల్లో అదే చెల్లుతుంది.

పాఠంలో ఇంకొకటి తప్పక చెప్పండి. నెలనెలా లోటు డిగ్రీ దినాలు అడ్డంగా, కరెంటు యూనిట్లు నిలువుగా వేసి చుక్కలు పెడితే అవి దాదాపు ఒక వాలుగీత మీద పడతాయి. లోటు సున్నా దగ్గర ఆ గీత ఎంత ఎత్తులో ఉందో, అది చలితో పనిలేని ఖర్చు: ఫ్రిజ్, లైట్లు, స్నానాల గీజరు. వాలు చూస్తే ఒక్కో డిగ్రీ దినానికి భవనం ఎంత కరెంటు తింటుందో తెలుస్తుంది. తలుపు సందులు మూసి, పైకప్పు బాగుచేశాక బిల్లు తగ్గిందని సంబరపడితే సరిపోదు, ఆ ఏడు చలే తక్కువేమో! వాలు తగ్గిందా లేదా అన్నదే చూడాలి.

జవాబు (జయపురం నుంచి):
మన కొండల మీద మాత్రం సగటుతో జాగ్రత్త మాస్టారూ. రాత్రి 8, మధ్యాహ్నం 26 ఉందనుకోండి. సగటు 17, లోటు ఒక్క డిగ్రీ. తెల్లారుజామున దుప్పట్లో వణికినవాడు ఆ అంకె నమ్ముతాడా? పగలు మిగిలింది రాత్రి లోటుని మింగేసింది. గంటగంటకీ లోటు తీసి, కూడి, 24తో భాగిస్తే ఆ చలి అంకెలోకి వస్తుంది. మాట ‘లోటు డిగ్రీ దినాలే’ ఉండనివ్వండి, లెక్క మాత్రం గంటల మీద కట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
అలాగే రాస్తానండి. పిల్లల చేత హాస్టల్ వరండాలో థర్మామీటరు కట్టించి, రాత్రి గంటల లెక్క కూడా రాయిస్తాను.