‘పడని’ ఇద్దరు మనసు పడే కథని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఆఫీసు నేపథ్యంలో ఒక ప్రేమకథ రాస్తున్నాను. మొదట్లో ఒకరంటే ఒకరికి మంట, చివరికి ప్రేమ. ఇంగ్లిష్‌లో ఈ రకానికి ‘ఎనిమీస్ టు లవర్స్’ అని పేరుంది. ‘శత్రువులే ప్రేమికులు’ అంటే పౌరాణిక నాటకం బోర్డులా ఉంది. ఇంకో మాట ఏమైనా ఉందా?

జవాబు: ‘శత్రువు’ ఆఫీసుకి బరువెక్కువ. మీటింగులో ఒకరి మాటకి ఒకరు అడ్డం పడేవాళ్ళని మనం శత్రువులనం, ‘వాళ్ళిద్దరికీ పడదు’ అంటాం. ‘గిట్టదు’ ఇంకాస్త ఘాటు, ‘పొసగదు’ కొంచెం పెద్దమనిషి తరహా. నా ఓటు ‘పడదు’కే. పడనివాళ్ళు పోటీ పడతారు, మాట పడతారు, ఇబ్బంది పడతారు, ఆఖరికి మనసు పడతారు. ఒక్క క్రియతో కథ మొత్తం చెప్పేయొచ్చు. ‘ప్రేమలో పడటం’ అంటే కాస్త ఇంగ్లిష్ వాసన వస్తుంది గానీ ‘మనసు పడటం’ అచ్చంగా మనదే.

మరొకరు: పోతన ఈ సంగతి ఎప్పుడో చెప్పాడండీ. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుతో, ‘వైరక్రియాసామగ్రిన్ శిశుపాలముఖ్య నృపతుల్’, అంటే పగతోనే శిశుపాలుడిలాంటి రాజులు కూడా, హరిని చేరారంటాడు. పగబట్టినవాడికి ఇంకో ధ్యాస ఉండదు కదా! కాకపోతే శిశుపాలుడి తల తెగింది, మీ హీరోని కాస్త చూసుకోండి.

ఇంకొకరు: పేరు సంగతి సరే, కథలో ఈ మార్పు కనబడేది మీరు–నువ్వుల దగ్గర. చాలామంది తగువు సీన్లో నువ్వు రాస్తారు, ప్రేమ సీన్లోనూ నువ్వే రాస్తారు. ఇక మారిందేమిటి? పడని మనిషికి ఆఫీసులో మర్యాద పెరుగుతుంది. ‘అవునండీ, మీకు తెలియనిదేముందండీ’ అన్నప్పుడు ఆ రెండు ‘అండీ’లూ గౌరవానికి వచ్చినవి కావు. కాబట్టి మొదట మీరుతోనే కొట్టుకోనివ్వండి. మొదటి నువ్వు కోపంలో నోరు జారి రావాలి: ‘అసలు నీకేం తెలుసు?’ అని. మర్నాడు మళ్ళీ మీరు అనబోతే ఆ మాట ఇద్దరికీ అతకదు.

అక్కణ్ణుంచి మన వ్యాకరణమే సాయం చేస్తుంది. లేదు, కావాలి, తెలుసు లాంటివి ఎవరితో అన్నా మారవు. ‘ఇంకా వెళ్ళలేదా?’ ‘లేదు, ఇది అయ్యాకే.’ ‘కాఫీ కావాలా?’ ఇందులో మీరూ లేదు, నువ్వూ లేదు. అదే ‘వెళ్తున్నారా’, ‘వెళ్తున్నావా’ అని అడగాలంటే ఏదో ఒక పక్కకి తేలిపోవాలి. తామిద్దరూ ఏమవుతారో ఇంకా తేల్చుకోని మనుషులు సరిగ్గా ఇలాగే తప్పించుకుంటూ మాట్లాడతారు. నాకైతే ఈ రకం కథల్లో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ముద్దు సీను కంటే కూడా. ఉన్నది ఒక్క ‘యూ’ మాత్రమే అయిన ఇంగ్లిష్‌లో ఈ దోబూచులాట కుదరదు.

అతని మనసులో ఆమెకి ఏ సర్వనామం వాడుతున్నారో కూడా చూసుకోండి. మొదట ‘ఆవిడగారికి కోపం వచ్చింది’, తరవాత ‘ఆమెకి కోపం వచ్చింది’, ఒక రోజు ‘తనకి కోపం వచ్చింది’. ‘తను’ దగ్గరికి వచ్చేసరికి, అతను ఒప్పుకోకపోయినా పాఠకుడికి అర్థమైపోతుంది.

ప్రశ్న వేసినవారు: బాగుంది. కానీ నా కథలో ఆఫీసంతా మొదటి రోజు నుంచే నువ్వు అనుకుంటారు. పేర్లతోనే పిలుపులు.

జవాబు: అయితే తిరగేయండి. నిన్నటిదాకా ‘ఆ ఫైల్ పంపు’ అన్న మనిషి ఇవాళ ‘ఫైల్ పంపగలరు’ అని మెయిల్ పెడితే, దానికి మించిన యుద్ధప్రకటన ఉండదు. మళ్ళీ ‘పంపు’ దగ్గరికి రావడమే రాజీ.

ఇద్దరూ ఒకే హోదాలో ఉంటేనే ఇదంతా పని చేస్తుంది. అతను బాస్, ఆమె అతని టీమ్ అయితే అతని నువ్వులో చనువు వినపడదు, అధికారం వినపడుతుంది. పాతకాలం సీరియల్ హీరోల చిక్కంతా అక్కడే. అలాంటప్పుడు మారాల్సింది అతని పిలుపు కాదు, ఆమె నోట్లోంచి ‘సర్’ పోవాలి, అదీ ఆమె తనంతట తనుగా మానెయ్యాలి. మీ డ్రాఫ్టులో ఇద్దరిలో సీనియర్ ఎవరు?